ఒక మూట కాఫీ, ఒక కట్ట కాగితాలు

అక్టోబరు, నవంబరు నెలల్లో మన్యంలో కాఫీ పండ్లు ఎరుపెక్కుతాయి. ఇంచుమించు అదే సమయానికి నా మెయిల్‌లో ఐరోపా నుంచి ఒక ప్రశ్నావళి దిగుతుంది. "మీ దగ్గర పనిచేసే వలస కార్మికుల పాస్‌పోర్టులు యాజమాన్యం స్వాధీనంలో ఉంటాయా?" అని అందులో ఒక ప్రశ్న. మా సంఘంలో పాస్‌పోర్టు ముఖం చూసినవాళ్ళే లేరు. "మీ కర్మాగారంలో అత్యవసర ద్వారాలు ఎన్ని? వాటి మీద వెలిగే బోర్డులు ఉన్నాయా?" అని ఇంకొకటి. మా కర్మాగారం అంటే కాఫీ పండ్ల తొక్క తీసే రేకుల షెడ్డు. దానికి గోడలే లేవు, ద్వారాలు ఎక్కడి నుంచి తేను? "వర్తించదు" అని రాస్తే ఆ సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అవునో కాదో చెప్పి తీరాలి. కాదంటే మార్కులు తగ్గుతాయి. మార్కులు తగ్గితే "దిద్దుబాటు ప్రణాళిక" రాయాలి. లేని గోడకు తలుపు ఎప్పట్లోగా పెడతామో చెప్పే ప్రణాళిక.

నేను విశాఖపట్నంలో న్యాయవాదిని. చాలాకాలం భూమి తగాదాలు చూశాను. ఇప్పుడు పాడేరు వైపు గిరిజన కాఫీ రైతుల మ్యాక్స్ సొసైటీ (పరస్పర సహాయ సహకార సంఘం) ఒకదానికి కాగితాల పని చేసిపెడుతున్నాను. సీజనుకు ఇంత అని ఫీజు ఇస్తారు. డబ్బు ఆలస్యమైన ఏడాది ముందుగా మిరియాలు వస్తాయి. మా ఇంట్లో మిరియాలకు కొరత లేదు.

ప్రశ్నావళిని ఎగతాళి చేయడానికి ఇది రాయడం లేదు. బాలలతో పని చేయిస్తున్నారా, అడవి నరికారా, కూలి సరిగ్గా ఇస్తున్నారా అని అడగడంలో తప్పేమీ లేదు. అడగాల్సినవే. నా గొడవ వేరు. "నైతిక వ్యాపారం" పేరుతో ఐరోపాలో వచ్చిన చట్టాల్లో మనం చేయాల్సినవి మాత్రమే కొండెక్కి మన ఊరి దాకా వస్తున్నాయి. మనకు దక్కాల్సినవి అక్కడే ఎవరి సొరుగులోనో ఉండిపోతున్నాయి. ఎవరో ఒకరు వెళ్ళి ఆ సొరుగు తెరవాలి. ఆ పని లాభం కన్నా జనం మేలు కోసం వ్యాపారం చేసే సామాజిక సంస్థలు నడిపేవాళ్ళు చేయడం లేదు, వాళ్ళ న్యాయవాదులూ చేయడం లేదు.

మొదటి ప్రశ్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. "మీ సంస్థ చట్టపరమైన రూపం?" కింద మూడో నాలుగో పేర్లు ఉంటాయి, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. మనది అందులో ఉండదు. మన దేశంలో "సామాజిక సంస్థ" అని రిజిస్టరు చేసుకునే ప్రత్యేక చట్టం లేదు. ట్రస్టు కావచ్చు, సొసైటీ కావచ్చు, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీ కావచ్చు, సహకార సంఘం కావచ్చు, 2002 సవరణతో వచ్చిన ఉత్పత్తిదారుల కంపెనీ కావచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. అదే మ్యాక్స్. 1964 నాటి సహకార చట్టం కింద ఉన్న సంఘాల్లో ప్రభుత్వం వాటా, పెత్తనం, పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం చూసి విసిగినవాళ్ళు కోరి తెచ్చుకున్న చట్టం అది. ప్రభుత్వ మూలధనం ఉండదు, సభ్యులే యజమానులు. నాకు ఇష్టమైన చట్టాల్లో ఒకటి. జర్మనీ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం తెలియదు.

సేంద్రియ ధ్రువీకరణకు వెళ్తే మళ్ళీ వేరే లెక్క. మన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ప్రకారం రైతుల బృందంలో 25 నుంచి 500 మంది ఉండాలి. ఐరోపా వాళ్ళ 2018/848 నిబంధన ప్రకారం 2,000 మంది మించకూడదు, ఆ బృందానికి చట్టపరమైన అస్తిత్వం ఉండాలి. అవే తోటలు, అవే మనుషులు. ఏ కార్యాలయం మెట్లెక్కుతున్నామో చూసుకుని దానికి తగ్గ చొక్కా తొడుక్కుని వెళ్ళాలి.

కొనుగోలుదారుడు మంచివాడైతే ఇంకో రకం తిప్పలు. ఒక ఏడాది మా కొనుగోలుదారుడు కాఫీ ధరతో పాటు "మీ ఊరి బడికి" అంటూ కొంత సొమ్ము విడిగా పంపుతానన్నాడు. మనసు మంచిది, మార్గం మంచిది కాదు. సరుకు అమ్మగా వచ్చిన సొమ్ము వ్యాపార రాబడి. విడిగా బడికి వచ్చిన సొమ్ము విదేశీ విరాళం. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. 2020 సవరణ తర్వాత అది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే దిగాలి, అక్కడి నుంచి ఇంకో సంస్థకు మళ్ళించడానికి వీల్లేదు. పంపేవాడు ఒకడే, అందుకునేది ఒకరే, చట్టాలు రెండు. "ఆ సొమ్మును కిలోకు ఇంత అని ఇన్‌వాయిస్‌లోనే కలపండి. అప్పుడది ధర అవుతుంది. బడికి ఇవ్వాలో, రోడ్డుకు ఇవ్వాలో మా సభ్యులు తేల్చుకుంటారు" అని రాశాను. ఆయనకు అంతగా నచ్చలేదు. ధరలో కలిసిపోతే వార్షిక నివేదికలో బడి ఫొటో వేసుకోవడం కుదరదు మరి.

ఇక భూమి. నా సొంత రంగం కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టండి.

ఐరోపా సమాఖ్య 2023లో అడవుల నరికివేతకు సంబంధించిన నిబంధన తెచ్చింది. వ్యాపారంలో ఉన్నవాళ్ళు ఈయూడీఆర్ అంటారు. పశువులు, కోకో, కాఫీ, పామాయిల్, రబ్బరు, సోయా, కలప, ఈ ఏడు సరుకులకూ, వాటితో తయారైన వస్తువులకూ వర్తిస్తుంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టి సాగులోకి తెచ్చిన భూమిలో పండిన సరుకు ఐరోపా మార్కెట్లోకి రాకూడదు. ప్రతి తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో చెప్పాలి. అమలు రెండుసార్లు వాయిదా పడింది. ఇప్పుడు పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబరు 30, చిన్నవాళ్ళకు 2027 జూన్ 30. వాయిదా పడింది కదా అని మా కొనుగోలుదారులు ఊరుకోలేదు. మొదటి గడువు నాటికే తోటల వివరాలు అడిగి తీసుకున్నారు.

ఈ నిబంధన చదువుతున్నప్పుడు మన అటవీ హక్కుల చట్టాన్ని పక్కన పెట్టుకోండి. 2006 చట్టం. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు పత్రం ఇస్తుంది. గరిష్ఠంగా 4 హెక్టార్లు, అంటే పదెకరాలకు కొంచెం తక్కువ. ఈయూడీఆర్‌లోనూ 4 హెక్టార్ల గీత ఉంది. అంతవరకు ఉన్న తోటకు ఒక్క బిందువు చూపితే చాలు, అంతకు మించితే హద్దులన్నీ గీసి చూపాలి. రెండు గీతలకూ కారణాలు వేరు. కానీ మా సభ్యులకు ఉన్నది ఎకరం, రెండెకరాలు. ఇద్దరి లెక్కలోనూ వాళ్ళు చిన్నవాళ్ళే.

ఒకరు 2005 అంటారు, ఇంకొకరు 2020 అంటారు. మొదటి తేదీకి ముందు నుంచే సాగు ఉందని గ్రామసభ తీర్మానించి, జిల్లా కమిటీ ఒప్పుకుని ఇచ్చిన హక్కు పత్రం చేతిలో ఉంటే, రెండో తేదీ నాటికి అది అడవి కాదు, సాగు భూమి అనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఈ మాట ప్రశ్నావళిలో ఎక్కడా రాయడానికి చోటు లేదు. అందులో "రెవెన్యూ పట్టా ఉందా?" అని మాత్రమే ఉంది. రెవెన్యూ పట్టా లేదు, ఉన్నది అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన ఆర్‌ఓఎఫ్‌ఆర్ పత్రం. రికార్డుల్లో ఆ భూమి ఇప్పటికీ రిజర్వు ఫారెస్టే. పైనుంచి ఉపగ్రహం చూస్తే చెట్లు, రికార్డు చూస్తే అడవి, కింద చూస్తే కాఫీ. ఈ మూడింటికీ పొత్తు కుదర్చడానికి నేను ప్రతి రైతు పేరు మీదా హక్కు పత్రం నకలు, గ్రామసభ తీర్మానం కలిపి ఒక పుట తయారు చేయిస్తున్నాను. దాన్ని అనుబంధంగా పంపుతాను. ఎవరైనా చదువుతారో లేదో గాని, కాంట్రాక్టు ఫైలులో ఉంటుంది. రేపు గొడవ వస్తే పనికొచ్చేది అదే.

తోటల బిందువులు తీసే పనికి సంఘం కుర్రాళ్ళతో పాటు ఒకటి రెండు ఊళ్ళు తిరిగాను. ఒక పెద్దావిడ తోట గుర్తుంది. పైన సిల్వర్ ఓక్, దాన్ని అల్లుకుని మిరియాల తీగ, మధ్యలో ఒక ముసలి పనస, కింద నడుమెత్తు కాఫీ మొక్కలు. రేకు పెట్టెలోంచి హక్కు పత్రం తీసుకొచ్చింది. లామినేషన్ చేయించారు, లోపల ఆవిడా, భర్తా పక్కపక్కన నిలబడ్డ ఫొటో. ఈ చట్టం ప్రకారం పత్రం భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి, అది నాకు నచ్చే సంగతి. పత్రంలో ఆవిడ పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది, సంఘం రిజిస్టరులో మూడోలా ఉంది. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశం తర్వాత ఆరు అంకెలు కావాలంటుంది ఐరోపా నిబంధన. ఆరో అంకె అంటే నేల మీద దాదాపు 11 సెంటీమీటర్లు. ఆ చెట్ల కింద కుర్రాడి ఫోను చూపే స్థానం మాత్రం మీటర్ల కొద్దీ అటూ ఇటూ జరుగుతోంది. రెండు సార్లు తీస్తే ఒకటి తోటలో పడింది, రెండోది వాగులో.

"ఇదంతా ఎక్కడికి వెళ్తుంది అమ్మా?" అని అడిగింది.

"జర్మనీకి పెద్దమ్మా. నీ కాఫీ కొనేవాళ్ళకు."

"నా తోట ఎక్కడుందో వాళ్ళకు తెలుస్తుంది. బాగానే ఉంది. నాకు కిలోకు ఎంత వచ్చిందో, వాళ్ళకు ఎంత వచ్చిందో కూడా అందులో ఉంటుందా?"

ఉండదని చెప్పాను.

ఆవిడ సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేసింది. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. సమాచారం తీసుకునే ముందు ఇచ్చే నోటీసు ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోరిన దానిలో గాని అందుబాటులో ఉండాలంటుంది. ఆవిడ ఇంట్లో మాట్లాడేది కువి. అది ఆ 22లో లేదు. సంఘం కుర్రాడు నోటితో చెప్పాడు, నేను పత్రం మీద "కువిలో వివరించి చెప్పారు" అని రాయించి అతని సంతకం కూడా పెట్టించాను. తోట స్థానం రైతు పేరుతో కలిస్తే అది వ్యక్తిగత సమాచారమే. ఒకసారి కొనుగోలుదారుడి సర్వరులోకి వెళ్ళాక దాన్ని ఎవరికి అమ్మినా మనకు తెలియదు. అందుకే కాంట్రాక్టులో ఒక వాక్యం పెట్టమంటున్నాను: ఈ వివరాలు ఈయూడీఆర్ కోసం మాత్రమే, వేరే దేనికీ కాదు. ఆ వాక్యానికి మొదట్లో బాగానే గింజుకున్నారు.

భూమి గురించే ఇంకో మాట. మూడేళ్ళ ఒప్పందం చేసుకుందాం, మీ ఊళ్ళో మేమే మంచి ప్రాసెసింగ్ కేంద్రం కడతాం, స్థలం మా భారతీయ కంపెనీ పేరున లీజుకు ఇప్పించండి అని ఒకాయన అడిగాడు. కుదరదన్నాను. షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టి చేశారు. గిరిజనేతరులకు అమ్మకం, తనఖా, లీజు ఏదీ చెల్లదు. కంపెనీ కూడా గిరిజనేతరుడే. అనంతగిరి మండలం బొర్రా దగ్గర గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్ళి, ప్రభుత్వం కూడా అక్కడ గిరిజనేతరులకు లీజు ఇవ్వరాదంది. "కానీ మేం స్థానికుల మేలు కోసమే కదా" అన్నాడాయన. మేలు కోసం వచ్చామనే మాట ఆ కొండల్లో అంతకు ముందు కూడా చాలామంది చెప్పారు.

న్యాయవాదుల కోసం ఒక చిన్న పిడకల వేట. 1/70లో మినహాయింపు ఎవరికి? గిరిజనుడికి, లేదా సభ్యులందరూ గిరిజనులే అయి 1964 సహకార చట్టం కింద రిజిస్టరైన సంఘానికి. మాది 1995 చట్టం కింద రిజిస్టరైంది. సభ్యులందరూ గిరిజనులే, కానీ చట్టం సంఖ్య వేరు. అక్షరం పట్టుకుని ఎవరైనా కోర్టుకు వెళ్తే ఏమవుతుందో చూడాలన్న సరదా నాకు లేదు. కాబట్టి మా షెడ్డు ఒక సభ్యుడి సొంత భూమిలో, ఆయన సొంత షెడ్డుగానే ఉంది. సంఘం ఆయనకు కిలోకు ఇంత అని తొక్క తీసే కూలి చెల్లిస్తుంది. లీజూ లేదు, బదలాయింపూ లేదు.

ఈయూడీఆర్‌లో సరుకు పండిన దేశపు చట్టాల ప్రకారమే పండి ఉండాలన్న షరతు కూడా ఉంది. భూమి హక్కులు, కార్మిక హక్కులు, మూలవాసుల ముందస్తు సమ్మతి అన్నీ అందులో వస్తాయి. అంటే 1/70, అటవీ హక్కుల చట్టం, పెసా (షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం) గ్రామసభ ఇప్పుడు హాంబర్గులో కాఫీ దించుకునేవాడు తెలుసుకోవాల్సిన చట్టాలు. ఇది నాకు చాలా నచ్చింది. ఏజెన్సీలో ఈ చట్టాలను పట్టించుకోని మన అధికారులకు కూడా ఒక కాపీ పంపాలని ఉంది.

బాలల పని గురించి అడిగే ప్రశ్నకు మాత్రం అవును, కాదు అని రెండు ముక్కల్లో జవాబు లేదు. కాఫీ కోత కాలంలోనే సంక్రాంతి సెలవులు వస్తాయి. ఆశ్రమ పాఠశాలల్లో ఉండే పిల్లలు ఇంటికొస్తారు. తల్లి వెంట తోటకు వెళ్తారు, నాలుగు పండ్లు కోస్తారు. 2016లో సవరించిన మన బాలకార్మిక చట్టం 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదంటూనే, ప్రమాదకరం కాని సొంత కుటుంబం పనిలో బడి వేళల తర్వాతా, సెలవుల్లోనూ సాయం చేయవచ్చంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 138వ ఒడంబడికను మన దేశం 2017లో ఆమోదించింది. అందులో చిన్న కుటుంబ కమతాలకు మినహాయింపు ఉంది గాని, స్థానిక వినియోగానికి పండించేవాటికి మాత్రమే. మా కాఫీ సముద్రం దాటుతోంది. ఆడిటరు ఫొటోలో బుట్ట పట్టుకున్న పిల్ల కనిపిస్తే అంతే సంగతులు. నేను "కాదు" అని రాసి చేతులు దులుపుకోలేదు. చట్టం ఏమంటుందో, ఆ ఊళ్ళ పిల్లలు ఏ ఆశ్రమ పాఠశాలలో చదువుతున్నారో, సెలవులెప్పుడో రాసి పంపాను. కోతకు కూలీలను పెట్టుకునే తోటల్లో పిల్లలు ఉండకూడదని సంఘం తీర్మానం కూడా జత చేశాను. పిల్లల్ని దాచి మార్కులు తెచ్చుకునే కన్నా ఇది మేలనిపించింది.

కూలి రిజిస్టరు సంగతీ అంతే. ఈ వారం నీ తోటలో, వచ్చే వారం నా తోటలో అంటూ ఇళ్ళవాళ్ళు ఒకరికొకరు పనికి వెళ్తారు. దానికి రిజిస్టరు ఏముంటుంది? "చెల్లించని శ్రమ" అని ఒక ఆడిటరు రాసుకున్నాడు. ఆ మాట కొట్టేయించడానికి ఒక పూట పట్టింది.

సరే, అసలు విషయానికి వస్తాను. కాంట్రాక్టు.

సామాజిక సంస్థలు నడిపేవాళ్ళు ప్రశ్నావళి మీద రాత్రుళ్ళు గడుపుతారు, కాంట్రాక్టు మీద మాత్రం చివరి పుట తిప్పి సంతకం పెడతారు. "మనవాళ్ళే కదా, మంచివాళ్ళు" అంటారు. మంచివాళ్ళు కావచ్చు. కాంట్రాక్టు రాసింది వాళ్ళు కాదు, వాళ్ళ న్యాయవాది. మాకు వచ్చిన ముసాయిదాలో ఏముందో చెబుతాను. ఈయూడీఆర్, జర్మనీ సరఫరా గొలుసు చట్టం (సరఫరాదారుల దగ్గర మానవ హక్కులకు భంగం కలగకుండా కంపెనీలు చూసుకోవాలనేది) సహా వర్తించే చట్టాలన్నిటికీ పూర్తి బాధ్యత సరఫరాదారుదే. కొనుగోలుదారుకు ఏ జరిమానా పడినా సరఫరాదారు పూడ్చాలి. ప్రవర్తనా నియమావళి కొనుగోలుదారు వెబ్‌సైటులో ఉంటుంది, ఎప్పటికప్పుడు మారుతుంది, మారినదే వర్తిస్తుంది. ఆడిట్ ఖర్చు సరఫరాదారుది. డబ్బు 120 రోజులకు.

ఈయూడీఆర్ కింద పెద్ద కంపెనీకి పడే గరిష్ఠ జరిమానా దాని ఐరోపా టర్నోవరులో కనీసం 4 శాతం స్థాయిలో ఉండాలని నిబంధనే చెబుతోంది. ఆ కంపెనీ 4 శాతం కట్టాలంటే మా సంఘం ఆస్తులే కాదు, పక్క సంఘాలవి కలిపినా చాలవు. ఇంతకూ ఆ చట్టం బాధ్యత పెట్టింది ఎవరి మీద? సరుకును ఐరోపా మార్కెట్లో దించేవాడి మీద. రైతు మీద ఒక్క ముక్క లేదు. 2025 మేలో భారతదేశాన్ని తక్కువ ప్రమాదం ఉన్న దేశాల జాబితాలో కూడా పెట్టారు. అంటే దిగుమతిదారు వివరాలు సేకరించాలి గాని, ప్రమాద అంచనా, నివారణ అనే పెద్ద తతంగం అక్కర్లేదు. చట్టం వాళ్ళ నెత్తిన పెట్టిన బరువును కాంట్రాక్టు మా నెత్తికి దించింది.

జర్మనీ సరఫరా గొలుసు చట్టం 2023 నుంచి అమల్లో ఉంది. మొదట 3,000 మంది ఉద్యోగులున్న కంపెనీలకు, 2024 నుంచి 1,000 మందికి. కంపెనీలు తమ బాధ్యతను మూకుమ్మడిగా సరఫరాదారుల మీదకు నెట్టకూడదని ఆ చట్టాన్ని చూసే కార్యాలయమే మార్గదర్శకాల్లో రాసింది. ఆ పుటను నేను ముసాయిదాకు జత చేసి తిప్పి పంపాను. సరఫరా గొలుసుల మీదే ఐరోపా సమాఖ్య మొత్తానికీ 2024లో వచ్చిన పెద్ద చట్టం మీద ఆశ పెట్టుకున్నాం గాని, దాన్ని కత్తిరించేశారు. 2025 డిసెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం 5,000 మంది ఉద్యోగులు, 150 కోట్ల యూరోల టర్నోవరు దాటిన కంపెనీలే దాని పరిధిలోకి వస్తాయి. మా కొనుగోలుదారుడు ఆ చాయలకు కూడా రాడు.

మాకు నిజంగా అక్కరకొచ్చింది ఎవరూ మాట్లాడని ఇంకో చట్టం. వ్యవసాయ, ఆహార సరుకుల వ్యాపారంలో అన్యాయపు పద్ధతుల మీద ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన 633వ ఆదేశం. పాడయ్యే సరుకుకు 30 రోజుల్లో, మిగతా వాటికి 60 రోజుల్లో డబ్బు చెల్లించాలి. పరిమాణం, నాణ్యత, ధర, చెల్లింపు షరతులను కొనేవాడు తనకు తానుగా మార్చకూడదు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించకూడదు. ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, అమ్మేవాడు ఐరోపాలోనే ఉండనక్కర్లేదు. అమ్మేవాడో, కొనేవాడో ఒకరు అక్కడ ఉంటే చాలు. అమ్మేవాడి టర్నోవరు 20 లక్షల యూరోల లోపు, కొనేవాడిది అంతకు మించి ఉంటే రక్షణ వర్తిస్తుంది. కాఫీ ఆ చట్టం సరుకుల జాబితాలోనే ఉంది. ఉత్పత్తిదారుల సంఘమే ఫిర్యాదు చేయవచ్చు, పేరు బయటపెట్టవద్దని కోరవచ్చు కూడా. జర్మనీ దీన్ని 2021లో తన చట్టంగా చేసుకుంది. దాన్ని అమలు చేసేది అక్కడి సమాఖ్య వ్యవసాయ, ఆహార కార్యాలయం. మన తోటల అక్షాంశాలు సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చేసేదీ ఆ కార్యాలయమే.

120 రోజుల లెక్క చూడండి. రైతుకు సంత రోజున డబ్బు కావాలి. ఆ రోజు ఇవ్వకపోతే పార్చిమెంటు (తొక్క తీసి ఎండబెట్టిన కాఫీ గింజ) షావుకారు చేతికి వెళ్తుంది. అందుకని సంఘం బ్యాంకు అప్పు తెచ్చి రైతుకు చెల్లిస్తుంది. ఏడాదికి 12 శాతం వడ్డీ అనుకుంటే 120 రోజులకు నూటికి దాదాపు నాలుగు రూపాయలు. "నైతిక" కాఫీ అని మాకు ఎక్కువిచ్చే ధరలో పెద్ద ముక్క ఆ వడ్డీలోనే కరిగిపోతోంది. కొనేవాడి నిల్వ సరుకుకు పెట్టుబడి పాడేరు బ్యాంకు నుంచి గిరిజన రైతు తెచ్చిపెడుతున్నట్టు.

వీడియో కాల్ పెట్టుకున్నాం. అటువైపు కొనుగోళ్ళ అధికారి, సుస్థిరత విభాగం అధికారి, వాళ్ళ న్యాయవాది. ఇటు నేను, సంఘం అధ్యక్షుడు, కార్యదర్శి. అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలని 60 రోజుల చట్టం మాట ముందే ఎత్తాను. సుస్థిరత అధికారి ఆ చట్టం పేరు విననే లేదు, నోట్సు రాసుకుంది. కొనుగోళ్ళాయన అది ఐరోపా రైతుల కోసం అన్నాడు. న్యాయవాది మాత్రం నవ్వాడు. ఆ నవ్వు చూడగానే నాకు అర్థమైంది, ఆయనకు మొదటి నుంచీ తెలుసు. అడిగితే గాని చెప్పకపోవడం ఆయన వృత్తిధర్మం, తప్పు పట్టను. నేనైనా అంతే చేస్తాను.

60 రోజులకు ఒప్పుకున్నారు. నియమావళి మారితే మాకు ముందుగా రాసి పంపి ఒప్పించాలి, వెబ్‌సైటులో పెట్టేస్తే సరిపోదు అన్నదీ ఒప్పుకున్నారు. జరిమానా పూడ్చే షరతును "మేం తెలిసి ఇచ్చిన తప్పుడు సమాచారం వల్ల కలిగిన నష్టం" వరకు కుదించి, దానికి ఆ సరుకు ధరే గరిష్ఠ పరిమితి అని రాయించాను. అనివార్య పరిస్థితుల షరతులో చీడపీడలను చేర్చాం. 2025లో అరకు ప్రాంతం తోటల్లో కాఫీ కాయ తొలిచే పురుగు కనిపించి, సోకిన చోట పండ్లు తీయించి నాశనం చేయించిన సంగతి వాళ్ళకూ తెలుసు కాబట్టి అక్కడ పేచీ రాలేదు.

ఒప్పుకోనివీ ఉన్నాయి. వివాదం వస్తే కోర్టు హాంబర్గులోనే. తోటల బిందువులు తీసిన ఖర్చులో సగం మీదంటే, వచ్చే ఏడాది చూద్దామన్నారు. ప్యాకెట్ మీద మా ఊరి ఆడవాళ్ళ ఫొటోతో వాళ్ళు సొంతంగా వేసుకునే "నైతిక" ముద్ర గురించి అడిగాను. 2026 సెప్టెంబరు 27 నుంచి ఐరోపాలో ధ్రువీకరణ పథకం ఆధారం లేని సుస్థిరత ముద్రలు వేయకూడదన్న 2024 ఆదేశం అమల్లోకి వస్తుంది. ఆ ముద్ర తీసేస్తామన్నారు. ఫొటో ఉంచుతారట. ఫొటోకు ఆ ఆడవాళ్ళ రాతపూర్వక అనుమతి ఎక్కడుందని అడిగితే వెతికి చెబుతామన్నారు. ఇంకా వెతుకుతున్నారు.

ఇలాంటి సంఘాలకు కాగితాలు చూసే చార్టర్డ్ అకౌంటెంట్లు, న్యాయవాదులు ఇది చదువుతుంటే, మీ దగ్గరున్న ఎగుమతి కాంట్రాక్టుల్లో చెల్లింపు గడువు ఎన్ని రోజులో ఒకసారి తీసి చూడండి. పసుపు, మిర్చి, జీడిపప్పు ఏదైనా సరే, ఐరోపాలో కొనేవాడుంటే ఆ 2019 ఆదేశం చదవండి. చేనేతకు వర్తించదు, అది ఆహారం కాదు. ఆ రంగంలో ఉన్నవాళ్ళకు నా దగ్గర ఇంత సులువైన ఆయుధం లేదు.

మా సంఘం సర్వసభ్య సమావేశం సంక్రాంతి తర్వాత ఉంది. కాంట్రాక్టులో ముఖ్యమైన షరతులు తెలుగులోకి రాశాను, కార్యదర్శి కువిలో చెబుతాడు. వడ్డీలో మిగిలే సొమ్ము ఏం చేయాలన్నది అప్పుడే రచ్చలో పడింది. బోనసుగా పంచాలని కొందరు, తొక్క తీసే యంత్రం పాతబడింది, ముందు అది మార్చాలని కొందరు. షెడ్డు యజమాని రెండో పక్షంలో ఉన్నాడని వేరే చెప్పక్కర్లేదు. యంత్రం సంఘం డబ్బుతో కొని ఆయన షెడ్డులో బిగిస్తే అది ఎవరి ఆస్తి అవుతుందని అధ్యక్షుడు నిన్న ఫోను చేసి అడిగాడు. దానికి ఒక ఒప్పందం రాయాలి.